సొంతింటి అతిథి

ఇందుమతి గవ్వలపాలెంలో సముద్రపొడ్డున ఇల్లు కొన్నది రాబడి కోసం. అలాగని ఆవిడే అందరికీ చెప్పేది. నిజానికి కొన్నది అక్క కోసం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కకైతే అసలే చెప్పలేదు.

ఆ ఏడాది ఒహాయోలో వాళ్ల చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ విదేశాల్లో ఇల్లు కొనే జ్వరం పట్టుకుంది. అంతకుముందు అదే జనానికి మారథాన్ల జ్వరం, దానికి ముందు ఇంట్లో పిండి పులియబెట్టి పుల్ల రొట్టె కాల్చుకునే జ్వరం వచ్చి తగ్గాయి. ఇది తగ్గేలా లేదు. పుట్టినరోజు విందుల్లో పిల్లల చదువుల గురించి అడగడం మానేశారు. "మీది ఆక్యుపెన్సీ ఎంత?" అని, అంటే కొన్న ఇల్లు ఎన్ని రోజులు అద్దెకి పోతోందని, అడిగేవారు. ఒకాయన పోర్చుగల్లో ఫ్లాటు కొన్నాడు. దాన్ని కళ్లతో చూడలేదు గానీ దాని బాత్రూము పలకలు ఫోన్లో అందరికీ చూపించేవాడు. పంటి డాక్టరు ఒకావిడ బాలీలో వెదురు ఇల్లు కొని, అక్కడ వాన పడిందా లేదా అని ఇక్కడ కంగారు పడేది. ప్రతి శనివారం ఒక నిపుణుడు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాడు. "ఇల్లంటే ఉండటానికి అనుకోవడం పాతకాలపు ఆలోచన. ఇల్లంటే మీ ఉద్యోగి. మీరు పడుకున్నప్పుడు అది పని చెయ్యాలి" అనేవాడు. అందరూ తలలూపేవారు.

ఇందుమతి ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చాలా ఏళ్లు చేసి అప్పుడే రిటైరైంది. మాత్రలు లెక్కపెట్టి లెక్కపెట్టి ఆవిడకి దేన్నైనా లెక్కలో చూడటం అలవాటు. అక్క సరోజిని విజయనగరంలో ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు, హిందీ టీచరుగా చేసి దిగిపోయింది. మోకాళ్లు అరిగిపోయాయి. అమెరికా రమ్మంటే, "ఆ విమానంలో అన్ని గంటలు కాళ్లు మడుచుకుని కూచోడానికి నేనేం దుప్పటినా?" అంటుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక కప్పు కింద పట్టుమని నెల రోజులున్నది ఇందుమతి పెళ్లికి ముందే. ఆ తరవాత అంతా ఫోన్లోనే. "నీ కోసం ఇల్లు కొన్నానక్కా" అంటే సరోజిని గడప తొక్కదు. అంత రోషం మనిషి. అందుకని రాబడి అనే మాట అడ్డం పెట్టుకుని, విజయనగరానికి బస్సు దూరంలో ఉన్న గవ్వలపాలెంలో రెండు గదులు, సముద్రం వైపు వరండా ఉన్న ఇల్లు కొంది. ఇందుమతి అమెరికా పౌరురాలే అయినా పుట్టుక ఇక్కడిదే గనక కొనుక్కోవడానికి అడ్డు రాలేదు. రాబడి మాట అబద్ధం కాకూడదని ఆ ఇంటిని రోజువారీ అద్దెకిచ్చే వసతి గృహంగా నగర పంచాయతీలో నమోదు చేయించింది. భర్త మాత్రం గోల్ఫు వదిలి రానన్నాడు.

మూడు నెలలు ఉందామని ఆమె ఒక్కతే దిగింది. కారు ఆగేసరికి గేటు దగ్గర అప్పలకొండ నిలబడి ఉంది. పక్క సందులో ఉంటుంది, ఇల్లు చూసుకునే మనిషి. ఒక చేతిలో కొబ్బరి బొండం, ఇంకో చేతిలో గవ్వల దండ. దండ ఇందుమతి మెడలో వేసి, బొండం చేతికిచ్చి, "వెల్కం మేడం. పాస్‌పోర్టు సూపించండి" అంది.

"అప్పలకొండా, నేనే. ఇందుమతిని. ఇంటిదాన్ని."

"ఎరిగిందేనమ్మా. రోజూ ఫోన్ల సూస్తన్నాను గదా. ఐనా సూపించాల. ఆఫీసోలు మరీ మరీ సెప్పినారు. ఈ ఇంట్ల తలగడ మీద తల పెట్టినోలందరూ గెస్టులేనట."

"నా తలగడ మీద నేను పెట్టినా?"

"మరేటి, తల తలేగదమ్మా."

ఇందుమతి నవ్వుకుంటూ పాస్‌పోర్టు ఇచ్చింది. అతిథి పేరు అన్నచోట సంతకం పెట్టింది. యజమాని పేరు అన్నచోటా సంతకం పెట్టింది. రెండూ ఒకేలా ఉన్నాయని అప్పలకొండ కాస్త అనుమానంగా చూసింది. అక్కతో చెప్పి నవ్వుకోవచ్చులే అనుకుంది ఇందుమతి. మర్నాడు పొద్దున అప్పలకొండ అద్దె బిల్లు తెచ్చి, దాని మీద పర్యాటక రుసుము కూడా వేసి చేతిలో పెట్టాక నవ్వు తగ్గింది. నేరుగా నగర పంచాయతీ ఆఫీసుకి వెళ్లింది.

గవ్వలపాలేన్ని పర్యాటక పట్టణం చెయ్యాలని పెద్దలంతా అప్పటికే తీర్మానించుకున్నారు. మొన్నామధ్య ఎవరో అతిథి, గదిలో తనకి చన్నీళ్లే వచ్చాయని పేపరుకి రాశాడు. ఆ ముక్క అచ్చయిన వారంలో 'అతిథి సంరక్షణ విభాగం' అని ఒకటి పుట్టింది. దానికి అధికారి పరబ్రహ్మం. చాలా నిజాయితీ గల మనిషి. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టడని పేరు. తలుపు పక్కన ఆయన పేరుతో రెండు పలకలున్నాయి. ఒకటి అతిథి సంరక్షణాధికారి. రెండోది వసతి యజమానుల నియంత్రణాధికారి, అదనపు బాధ్యత. గదిలో కుర్చీలు కూడా రెండు.

ఇందుమతి చెప్పిందంతా ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"అమ్మా, నమోదిత వసతి గృహమునందు శయనించు ప్రతి వ్యక్తియు అతిథి అనబడును. 'ప్రతి' అను మాటకు మినహాయింపు లేదు."

"ఇల్లు నాదండీ."

"ఇల్లు తమదే. అందు సందేహము లేదు. శయనము మాత్రము అతిథిది."

"పోనీ పడుకోకుండా కుర్చీలో కూచుంటే?"

"కునుకు కూడా శయనముగానే పరిగణింపబడును. ఆ విషయమై పైవారి నుండి స్పష్టత తెప్పించినాము."

"నాకు నేను అద్దె కట్టుకోవడం ఏమిటండీ? ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో పుచ్చుకోవాలా?"

"పుచ్చుకొనునది యజమాని. ఇచ్చునది అతిథి. మధ్యలో రుసుము మాది. తమ వంటి అతిథులను తమ వంటి యజమానులు మోసగించకుండా చూచుటయే మా విభాగము ధ్యేయము" అన్నాడు పరబ్రహ్మం. చెప్పేటప్పుడు ఆయన గొంతులో నిజమైన వాత్సల్యం ఉంది. అందుకే ఇందుమతికి గట్టిగా దెబ్బలాడాలనిపించలేదు. రుసుము కట్టేసి వచ్చేసింది.

ఇల్లు చేరి, వరండాలో వాలుకుర్చీ వేసుకుని, సముద్రం వైపు తిరిగి కాళ్లు చాపిందో లేదో ఫోను మోగింది. న్యూజెర్సీ నుంచి చక్రధర్. ఆమె అమెరికా పన్నుల లెక్కలు చూసే కుర్రాడు. తెలివైనవాడు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు.

"ఆంటీ, చేరిపోయారా? ఎలా ఉంది? ఎంజాయ్ చేస్తున్నారా?"

"చేస్తున్నాను బాబూ. ఇప్పుడే సముద్రం..."

"చెయ్యకండి ఆంటీ."

"ఏమిటీ?"

"ఎంజాయ్ చెయ్యకండి. ఆ ఇల్లు బిజినెస్ కింద రాశాం కదా. అందుకే దాని ఖర్చులన్నీ మీ టాక్సులో తగ్గుతున్నాయి. మీరు ఏడాదిలో ఒక రెండు వారాలు దాటి అక్కడ సరదాగా ఉన్నారంటే అది బిజినెస్ కాదు, మీ సొంతిల్లు. రాసుకున్నదంతా దాదాపు ఎగిరిపోతుంది."

"నేను మూడు నెలలుందామని వచ్చానయ్యా!"

"ఉండండి, ఎవరు వద్దన్నారు? రిపేర్లు చేస్తూ ఉండండి. రిపేర్లు చేసిన రోజు సరదా రోజు కింద రాదు. కాకపోతే ఊరికే సుత్తి పట్టుకుని కూచుంటే కుదరదు. రోజంతా నిజంగా చెయ్యాలి. ఫొటోలు తీసి పంపండి, ఫైల్లో పెడతాను."

ఇందుమతి చాపిన కాళ్లు దగ్గరికి తీసుకుంది. "మా అక్క వస్తోంది చక్రధర్."

"రెంటిస్తారా?"

"అక్కా? నాకు అద్దా?"

"ఇచ్చినా లాభం లేదులెండి. అక్కచెల్లెళ్లంటే అమెరికా టాక్సు లెక్కలో ఒకటే. ఆవిడ సరదాగా ఉన్నా మీరు సరదాగా ఉన్నట్టే."

"మా అక్క ఎక్కడా సరదాగా ఉండదు బాబూ. ముప్పై ఏళ్లు హిందీ చెప్పింది."

"అది ప్రూవ్ చెయ్యడం కష్టం ఆంటీ" అన్నాడు చక్రధర్ సానుభూతిగా.

ఇందుమతి ఫోను పెట్టేసి చాలాసేపు ఆలోచించింది. అక్కడి వాళ్ల లెక్కలో తనూ అక్కా కలిపి ఒక్కరు. ఇక్కడి వాళ్ల లెక్కలో తనొక్కతే ఇద్దరు. మొత్తానికి ఎవరి లెక్కలోనూ తను సరిగ్గా తనంత లేదు. దాచుకున్న డబ్బు సగం ఈ ఇంట్లో ఉంది. తెల్లారి బజారుకెళ్లి నీలం రంగు డబ్బా, రెండు కుంచెలు, ఎత్తు పీట కొనుక్కొచ్చి వరండా కటకటాలకి రంగు వెయ్యడం మొదలుపెట్టింది. పీట బయట వేసుకుని, ఇంటి గోడ వైపు తిరిగి వేసింది. సముద్రం వైపు తిరిగితే చూడాలనిపిస్తుందని భయం.

ఫొటోలు తీసే పని అప్పలకొండది. ఆమెకి ఆ పని బాగా నచ్చింది. "నవ్వకండమ్మా, సరదాలో పడిపోతారు. కుంచి పైకెత్తండి. సెమట తుడుసుకోండి. ఆఁ, అలగుండండి" అని గట్టిగా అరిచేది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు.

నాలుగో నాటికి సరోజిని వచ్చింది. ఆటో దిగి, కర్ర ఆనించుకుని, గేటు దగ్గర నిలబడి, పీట మీద రంగు మరకలతో ఉన్న చెల్లెల్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఇదేమిటే ఇందూ? అమెరికాలో డబ్బులన్నీ అయిపోయాయా?"

ఇందుమతి గబగబా దిగి వచ్చేలోపే అప్పలకొండ గవ్వల దండ వేసి, బొండం ఇచ్చి, "వెల్కం మేడం. ఆధారు కార్డు సూపించండి. అద్దె ఇప్పుడిస్తారా, ఎల్లినప్పుడా?" అనేసింది.

సరోజిని మొహం మాడిపోయింది. బొండం తిరిగి అప్పలకొండ చేతిలో పెట్టింది.

"నా చెల్లెలింట్లో పడుకోడానికి నేను అద్దె కట్టాలా?"

"నువ్వు కట్టక్కర్లేదక్కా, నీ తరఫున నేను కడతాను" అంది ఇందుమతి.

"ఎవరికి?"

"నాకే."

"నీకు నువ్వు కట్టుకుంటావా?"

"రోజూ అదే పని చేస్తున్నాను."

సరోజిని నవ్వలేదు. "నువ్వు రాబడి కోసం కొన్నానంటే నమ్మలేదే నేను. ఏదో పైకి అంటోంది, నన్ను రప్పించుకోడానికే కొని ఉంటుందని లోపల మురిసిపోయాను కూడా. నాదే తెలివితక్కువ. సరే, నీ వ్యాపారం నేను చెడగొట్టను. పొద్దున వస్తాను, సాయంత్రం బస్సుకి పోతాను. తల కింద పెడితే కదా అద్దె?" అంది.

ఇందుమతి అన్నాళ్లు దాచుకున్న మాట చెప్పేస్తే అయిపోయేది. కానీ గేటులోనే అద్దె అడిగించాక అప్పుడా మాట అంటే ఎవరు నమ్ముతారు?

అన్నట్టే సరోజిని రోజూ విజయనగరం నుంచి బస్సులో వచ్చేది. వచ్చి ఖాళీగా కూచుంటే అది ఇద్దరి సరదా కింద పడుతుందని, గరుకు కాగితం పుచ్చుకుని పాత రంగు గీకేది. రెండు రోజులు ముభావంగా గీకింది. మూడో రోజున చెల్లెలు వేసిన రంగు చూసి, "ఏడో క్లాసులో నీ చేతిరాత ఇలాగే ఉండేది. పైకి ఎక్కుతున్నట్టు మొదలై చివరికి కాలవలో పడేది" అంది. ఇందుమతి పీట మీంచి పడబోయేంత నవ్వింది. అక్క కూడా నవ్వేసింది. సరిగ్గా అప్పుడు అప్పలకొండ ఫొటో తీసి పంపేసింది. పది నిమిషాల్లో చక్రధర్ ఫోను చేశాడు.

"ఆంటీ, ఆ ఫొటో వెంటనే డిలీట్ చెయ్యండి. అందులో మీరిద్దరూ చాలా సంతోషంగా ఉన్నారు."

సాయంత్రమయ్యేసరికి ఆ సంతోషం మిగిలేది కాదు. బస్సు కుదుపులకి సరోజిని మోకాళ్లు బూరెల్లా పొంగేవి. ఇందుమతి బస్టాండు దాకా దిగబెట్టేది. అక్క కిటికీ పక్కన కూచుని, నొప్పి కనపడనివ్వకుండా చెయ్యి ఊపేది. అది చూసి ఇంటికొచ్చాక ఇందుమతికి అన్నం సహించేది కాదు. మళ్లీ పొద్దున లేచి, తనకి తాను బిల్లు కట్టి, పీట ఎక్కేది.

ఇలా జరుగుతుండగా ఒకనాడు మధ్యాహ్నం పరబ్రహ్మం తనిఖీకి వచ్చాడు. అతిథులు సుఖంగా ఉన్నారా అని ఇల్లిల్లూ తిరిగి చూడటం ఆయన పనిలో భాగం. గేటు తీసి లోపల అడుగుపెట్టి అక్కడే కొయ్యబారిపోయాడు. మండుటెండలో, పీట మీద, చీర కుచ్చిళ్లు దోపుకుని, అతిథి రంగు వేస్తోంది.

"అమ్మా! దిగండి! దిగండి ముందు!" అంటూ పరిగెత్తుకొచ్చాడు. "అతిథి చేత చాకిరీయా? ఎవరమ్మా తమ చేత ఈ పని చేయించుచున్నది?"

"ఎవరూ లేరండీ. నేనే."

"నేనే అనగా? అతిథిగా చెప్పుచున్నారా, యజమానిగా చెప్పుచున్నారా?"

ఇందుమతి పీట దిగి, "యజమానిగా" అంది.

"అదే నా అనుమానము" అన్నాడు పరబ్రహ్మం. ఆమె చేతిలోంచి కుంచె మెల్లగా తీసుకుని, రుమాల్లో చుట్టి, సాక్ష్యం కింద సంచిలో వేసుకున్నాడు. ఆ తరవాత ఆయన చూపు గరుకు కాగితంతో కూచున్న సరోజిని మీద పడింది. "ఈవిడ కూడానా! మోకాళ్లు వాచిన మనిషి!"

"నేను అతిథిని కానండీ. ఇక్కడ పడుకోవట్లేదు" అంది సరోజిని.

"పడుకోనివ్వడము కూడా లేదా!" అన్నాడాయన. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

సాయంత్రానికి తాఖీదు వచ్చింది. అతిథి చేత, అందునా విదేశీ అతిథి చేత, వెట్టిచాకిరీ చేయించిన నేరానికి యజమానురాలి నమోదు ఎందుకు రద్దు చెయ్యకూడదో సోమవారం వచ్చి చెప్పాలి. అతిథి కూడా విడిగా హాజరు కావాలి. తాఖీదులు రెండూ ఇందుమతి పేరనే ఉన్నాయి.

అప్పలకొండ ఏడుపు మొహం పెట్టింది. "నమోదు రద్దయితే నా జీతమేటమ్మా? ఇప్పుడిప్పుడే వెల్కం బాగా సెప్పడం వస్తంది."

"నీ జీతం ఎక్కడికీ పోదులే" అంది ఇందుమతి. ఇల్లు మాత్రం ఏమవుతుందో ఆవిడకీ తెలియదు. చక్రధర్ని అడిగితే, "నమోదు పోతే రెంటు లేదు, రెంటు లేకపోతే బిజినెస్ లేదు ఆంటీ. ఎలాగైనా కాపాడుకోండి" అన్నాడు. ఆన్‌లైన్ నిపుణుడి శిష్యులంతా ఫోన్లు చేసి ధైర్యం చెప్పారు. ఎవరైనా పోయినప్పుడు మాట్లాడే గొంతుతో మాట్లాడారు.

సోమవారం ఆఫీసు గదిలో పరబ్రహ్మం ఎడమ కుర్చీలో కూచున్నాడు. అది నియంత్రణాధికారి కుర్చీ. గొంతు కూడా కఠినంగా ఉంది.

"యజమానురాలా! అతిథి చేత రంగులు వేయించిన మాట వాస్తవమేనా?"

"వాస్తవమేనండీ. కానీ ఆ అతిథి..."

"అతిథి సంగతి అతిథి చెప్పుకొనును. మీ ఎదుట ఆమె స్వేచ్ఛగా మాట్లాడజాలదు. మీరు బయటికి నడువుడు."

ఇందుమతి లేచి వరండాలోకి వచ్చింది. అక్కడ బెంచీ మీద సరోజిని, అప్పలకొండ కూచుని ఉన్నారు. "ఏమైందే?" అంది అక్క. "నన్ను బయటికి పంపేశారు, నేను నిజం చెప్పాలని" అంది ఇందుమతి. ఇంతలో లోపల్నుంచి, "అతిథి గారిని రమ్మనండి" అన్న పిలుపు మెత్తగా వినిపించింది. ఇందుమతి ఆసరా కోసం అక్క చెయ్యి పట్టుకుని, ఆవిడతో కలిసి లోపలికి వెళ్లింది. పరబ్రహ్మం అప్పటికే కుడి కుర్చీలోకి మారాడు. ఆమెకి మెత్త వేసిన కుర్చీ చూపించి, తన చేత్తో గ్లాసుడు మంచినీళ్లిచ్చాడు.

"భయపడకండమ్మా. ఆమె ఇక్కడ లేదు. ఉన్నదున్నట్లు చెప్పండి. ఆ ఇంట తమను ఎట్లు చూచుచున్నారు?"

ఇందుమతి నవ్వు ఆపుకుంటూ, "బాగానే చూస్తున్నారండీ" అనబోయింది. పక్కన అక్క వాచిన మోకాలు చేత్తో నొక్కుకుంటోంది. ఇందుమతికి తెలియకుండానే తన మాట మారిపోయింది.

"బాగా చూడటం లేదండీ" అంది. "వచ్చిన దగ్గర్నించీ ఆ ఇంటావిడ ఒక్క పూట కాళ్లు చాపుకోనివ్వలేదు. ఎదురుగా సముద్రం పెట్టుకుని గోడ కేసి తిరిగి కూచోమంది. నవ్వితే తప్పు. పొద్దున లేచిన దగ్గర్నించీ ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఇదే. ఇదిగో, మా అక్క. ఆవిడ కోసమే నేనింత దూరం వచ్చాను. ఆ ఇల్లు అసలు అక్క కోసమే. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. గడపలో నిలబెట్టి అద్దె అడిగించింది. ఆ నొప్పులతో రోజూ బస్సెక్కి తిరుగుతుంటే చూస్తూ ఊరుకుంది. అలాంటి మనిషిని మీరేం చేసినా పాపం లేదండీ."

సరోజిని కిటికీ వైపు తల తిప్పుకుంది. చెయ్యి మాత్రం చెల్లెలి చేతిలోంచి తీసుకోలేదు.

"ఇంతటి కఠినాత్మురాలా!" అన్నాడు పరబ్రహ్మం గద్గదంగా. ఆయన లేచి, ఎడమ కుర్చీలోకి వెళ్లి కూచుని, గొంతు సవరించుకున్నాడు. "విచారణ పూర్తియగు వరకు ఆ వసతి గృహము నమోదును నిలిపివేయడమైనది. అంతవరకు అది వసతి గృహము కాదు."

"మరి ఏమిటండీ అది?" అంది సరోజిని.

పరబ్రహ్మం ఆలోచనలో పడ్డాడు. నిబంధనల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఎక్కడా దొరికినట్టు లేదు. చివరికి ఆ మాట మొదటిసారి పలుకుతున్నవాడిలా, "ఇల్లు" అన్నాడు. "ఉత్త ఇల్లు."

"అందులో పడుకున్నవాళ్లు?"

"పడుకున్నవారు పడుకున్నవారే. వారితో మా విభాగమునకు సంబంధము లేదు."

ఇందుమతి సంతోషం పట్టలేక దణ్ణం పెట్టబోయింది. సరోజిని ఆమె మోచెయ్యి గిల్లింది. "విచారంగా ఉండవే" అంది చెవిలో. పరబ్రహ్మం అతిథి వైపు జాలిగా చూసి, "తమకు వేరొక మంచి వసతి చూపించమందురా?" అన్నాడు.

"వద్దండీ, ఇక్కడే అలవాటైపోయింది" అంది ఇందుమతి.

ఆ రోజు సరోజిని సాయంత్రం బస్సు ఎక్కలేదు. అప్పలకొండ గేటు దగ్గర అలవాటు కొద్దీ చెయ్యి చాపి, ఏమీ అడక్కుండా చెయ్యి దించేసుకుని, "మరి మిమ్మల్ని ఏటని పిలవాల?" అంది. "పెద్దమ్మా అను" అంది సరోజిని.

ఇందుమతి చక్రధర్‌కి ఫోను చేసి నమోదు నిలిపేశారని చెప్పింది. "అయితే ఆంటీ, ఇంక అది సొంతిల్లే. ఖర్చులు రాసుకోడానికి లేదు. సారీ" అన్నాడు.

"సొంతిల్లయితే సరదాగా ఉండొచ్చా?"

"ఎంతైనా ఉండొచ్చు. ఇంక ఎవరూ అడగరు" అన్నాడు వాడు, ఏదో ఆస్తి మునిగిపోయినట్టు.

నిజంగానే కొంత మునిగింది. అనుకున్న రాబడి లేదు. ఒహాయోలో వంటిల్లు బాగు చేయించుకుందామనుకున్నది ఆగిపోయింది. భర్తకి చెబితే, "పోనీలే, ఉన్న వంటింట్లోనే కదా ఇన్నాళ్లూ తిన్నాం" అని మళ్లీ గోల్ఫుకి వెళ్లిపోయాడు. శనివారం పాఠం చెప్పే నిపుణుడు ఇందుమతి కథని పేరు లేకుండా, జాగ్రత్త పడాల్సిన ఉదాహరణగా చెప్పాడట. ఆవిడ వినలేదు. ఆ వేళకి వరండాలో కాళ్లు చాపుకుని, కాఫీలో చక్కెర ఎంత వెయ్యాలన్న దాని మీద అక్కతో దెబ్బలాడుతోంది. ఒక కప్పు కింద ఉంటే రోజుకి నాలుగుసార్లు దెబ్బలాడుకోవాలి కాబోలు. అంతేసి దూరాల్నించి ఫోన్లో అది కుదిరేది కాదు.

నెల గడిచాక ఒక పొద్దున్నే పరబ్రహ్మం ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. మొహం చిన్నబుచ్చుకుని ఉన్నాడు.

"అమ్మా, క్షమించవలెను. విచారణ జాప్యమగుచున్నది. యజమానియు అతిథియు ఒకే పోలికతో ఉన్నారని పైవారికి సందేహము కలిగి, ఒక సంఘమును వేసినారు. ఆ సంఘమునకు సభ్యులను ఇంకను వేయలేదు."

"తొందరేం లేదండీ" అన్నారు అక్కాచెల్లెళ్లు ఒక్క గొంతుతో.

"ఒక మార్గము కలదు. యజమానురాలు క్షమాపణ కోరి, అతిథి క్షమించినచో నేడే ముగింపవచ్చును."

ఇందుమతి కంగారుగా అక్క వైపు చూసింది. "అది క్షమాపణ అడగదండీ, పొగరు" అంది సరోజిని. "ఒకవేళ అడిగినా అతిథికి ఇంకా మనసు కుదుటపడలేదు."

"అది సహజము" అని పరబ్రహ్మం తల పంకించాడు. చెమట తుడుచుకుని వెళ్లబోతూ ఆగాడు. వంటింట్లోంచి అల్లం పెసరట్టు వాసన వరండా అంతా కమ్ముకుంటోంది. ఆయన గొంతు కదలడం సరోజిని చూసింది. క్లాసులో పిల్లవాడికి చెప్పినట్టు, "కూచోండి" అంది. కూచున్నాడు. పెసరట్టు వేడిగా పళ్లెంలో వచ్చింది. ఆయన దాని వైపు దీనంగా చూశాడు.

"ఇది నేను ఎట్లు తినవలెను? అధికారిగా తిన్నచో లంచము. అతిథిగా తిన్నచో, ఇది వసతి గృహము కాదు గనుక, అతిథి అను వాడు ఇక్కడ ఉండజాలడు."

"ఆకలేసినవాడిగా తినండి" అంది సరోజిని. "చల్లారిపోతోంది."

పరబ్రహ్మం చుట్టూ చూశాడు. ఎదురుగా సముద్రం తప్ప ఎవరూ లేరు. మొదటి ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. రెండో పెసరట్టు ఆయన ఏ హోదాలో తిన్నాడో ఎవరూ అడగలేదు.